స్పోర్ట్స్ వాచీలో కిలోమీటర్లు వాటంతటవే మైళ్లుగా మారుతున్నాయి, కారణం ఏమై ఉంటుంది?

అందరికీ నమస్కారం. నా వాచీలో దూరం ఉన్నట్టుండి మైళ్లలోకి మారిపోతోంది. కిలోమీటరు పూర్తయిన ప్రతిసారీ దానంతటదే మోగాల్సిన ఆటో ల్యాప్ గంట 1.61 కిలోమీటర్ల దగ్గర, అంటే మైలుకు, మోగుతోంది. విశాఖ బీచ్ రోడ్డులో పరుగెత్తుతూ మణికట్టు చూసుకుంటే, కిలోమీటరుకు ఆరు నిమిషాల వేగం కాస్తా మైలు లెక్కన 9:39 అని కనిపించి గుండె గుభేలుమంటుంది.

ఇక్కడి ఉక్కపోతకు చెమటతో తడిసి తెర దానంతటదే నొక్కుకుంటోందేమోనని టచ్ లాక్ పెట్టాను. అయినా అంతే. వాచీలో ఎంత సరిచేసినా, బ్లూటూత్‌తో ఫోనుకు కలవగానే మళ్లీ మైళ్లే. కాబట్టి నా అనుమానమంతా యాప్ మీదే. కానీ అందులోని నా ఖాతాలో కిలోమీటర్లనే ఉంది! ఫోనులో ప్రాంతం అమెరికా అని ఉంది, దాని ప్రభావం కావచ్చా? ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఇంకా ఫోనుకు చేరని పరుగుల వివరాలు పోతాయని భయంగా ఉంది. ఇలాంటిది ఎదుర్కొన్నవారు ముందు ఏది మార్చి చూడాలో దయచేసి చెప్పండి.