అప్‌డేట్: పిల్లలతో మహేంద్రగిరి ఎక్కి వచ్చాం

పర్లాకిమిడి నుంచి మా కుర్రాళ్లను పన్నెండు మందిని రెండు రాత్రుల కోసం మహేంద్రగిరికి తీసుకెళ్తున్నాను, ఒక్కొక్కరు ఎంత బరువు మొయ్యొచ్చు అని పోయిన నెల అడిగాను కదా. ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వొద్దన్నారు మీలో చాలామంది.

బయల్దేరే ముందు రోజు అందరి బ్యాగులూ స్ప్రింగ్ త్రాసుకి తగిలించాను. యాభై కిలోల కుర్రాడి బ్యాగు పదిహేను తూగింది! విప్పితే రెండు బొంతలు, అమ్మ ఇచ్చిన ఆవకాయ గాజు సీసా, ఒక ఇస్త్రీ చొక్కా. (కొండ మీద ఎవరికి చూపించాలనో!) బొంతలు తీయించాను గానీ సీసా వదలనన్నాడు. సగం దారిలో మూత ఊడి నూనంతా స్లీపింగ్ బ్యాగులోకి దిగింది. ఆ రాత్రి టెంటంతా ఒకటే ఆవకాయ ఘాటు.

కొత్త బూట్లు వద్దన్నారు. పిల్లలు విన్నారు, నేను వినలేదు. రెండు మడమలూ బొబ్బలెక్కి, దిగేటప్పుడు వాళ్లే నా బ్యాగు మోశారు.

నీళ్లు మరిగించే తాగాం, ఎవరికీ కడుపు చెడలేదు. 1,501 మీటర్ల ఎత్తులో భీముడి గుడి రాళ్లు చూసి, ఇంతేసి బండలు ఎలా ఎత్తారని పిల్లలు ఒకటే వాదన.

ఈసారి కోరాపుట్ వైపు దేవమాలి అంటున్నారు, 1,672 మీటర్లు. అది తర్వాత చూద్దాం. కుంకుడుకాయ రసంతో రెండుసార్లు రుద్దినా స్లీపింగ్ బ్యాగు మీద ఎర్ర మరక పోలేదు, ఏం చేయాలి?