జంతువుల ముందరి కాళ్లకు వివిధ భాషల్లో ఉన్న పేర్లు: తెలుగులో ఏది రాయాలి?

ప్రశ్న

జంతువుల శరీర భాగాలను బొమ్మలతో చూపే ఒక బహుభాషా పదపట్టికకు తెలుగు వరుసను సిద్ధం చేస్తున్నాను. వెనుకకాళ్ల దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు గానీ, ముందరి కాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఇతర భాషల వరుసలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. గుర్రం బొమ్మలో ముందరి కాలికి స్పానిష్ వరుసలో ‘మానో’ అని, అరబ్బీ వరుసలో ‘యద్’ అని ఉంది. నిఘంటువు చూస్తే రెండింటికీ మొదటి అర్థం ‘చేయి’ అనే ఉంది. ఇవి పొరపాట్లయితే దిద్దమని సంపాదకులకు రాయాలి. కాకపోతే తెలుగులో నేను ‘ముందరి కాలు’, ‘ముంగాలు’, ‘పూర్వాంగం’ అనే మూడింటిలో దేనిని తీసుకోవాలో, ఎందుకో తెలియజేయగలరు.

మొదటి సమాధానం

అవి పొరపాట్లు కావండీ, దయచేసి దిద్దించకండి. స్పానిష్‌లో నాలుగు కాళ్ల జంతువు ముందరి పాదాన్ని ‘మానో’ అనడం నిఘంటువులు నమోదు చేసిన వాడుకే. పోర్చుగీసులో ‘మాఁవ్’ అనే మాటకూ ఇదే అర్థం ఉంది. అరబ్బీలో ముందరి కాలు ‘యద్’, వెనుక కాలు ‘రిజ్ల్’. అంటే పశువుకు రెండు చేతులు, రెండు కాళ్లు ఉన్నట్టుగా ఆ భాష లెక్కిస్తుంది. పారసీకంలోనూ ‘దస్త్’ అంటే మనిషి చేయీ, జంతువు ముందరి కాలూ. సంస్కృతం కూడా ఈ పద్ధతికి దూరం కాదు: ‘బాహు’ శబ్దానికి పశువు ముంగాలు, ముఖ్యంగా దాని పైభాగం, అనే అర్థాన్ని నిఘంటువులు ఇస్తాయి. ఏనుగు విషయంలో మాత్రం సంస్కృతం చేతిని తొండానికి ఇచ్చింది. కరి, హస్తి అనే పేర్లు అలా వచ్చినవే.

రెండవ పద్ధతి మనది. ‘కాలు’ అనే మాటను అలాగే ఉంచి దానికి ‘ముందు’ను చేర్చడం. కన్నడంలో ముంగాలు, హింగాలు. తమిళంలో మున్నంగాల్, పిన్నంగాల్. మలయాళంలో మున్‌కాల్, పిన్‌కాల్. ఇంగ్లీషు ఫోర్‌లెగ్, జర్మన్ ఫోర్డర్‌బైన్, ఫిన్నిష్ ఎతుయల్క, టర్కిష్ ఓన్ అయాక్, ఇండొనేసియన్ కాకీ దెపాన్ కూడా ఈ కోవలోవే. హంగేరియన్‌లో మాత్రం ఒక చిన్న విశేషం ఉంది: ముందరి కాలికి వాడే ‘మెల్‌షో’ అనే విశేషణం ‘రొమ్ము’ అనే మాట నుంచి, వెనుక కాలికి వాడే ‘హాత్‌షో’ అనే విశేషణం ‘వీపు’ అనే మాట నుంచి పుట్టాయి. హిందీలో ‘అగ్లా పైర్’ అంటారు. అయితే ‘అగ్లా’కు ‘తరువాతి’ అనే అర్థం కూడా ఉన్నందున, యంత్రానువాదం చేయించిన వరుసలు మీ దగ్గర ఉంటే ఆ మాటను ఒకసారి పరిశీలించండి.

జపనీస్‌ది మధ్యస్థమైన దారి. ముందరి కాలు ‘మయెఆషి’. ఈ ‘ఆషి’ని కాలు మొత్తానికి ఒక అక్షరంతోను, పాదానికి మరొక అక్షరంతోను రాస్తారు; పలకడం ఒకటే. అదే కుక్కను ముందరి పాదం అందించమని అడిగేటప్పుడు ‘ఓతె’ అంటారు, అందులోని ‘తె’ అంటే చేయి. కుక్కను షేక్‌హ్యాండ్ అడిగే మనమూ ఆ క్షణానికి దాని కాలిని చేయిగానే భావిస్తున్నాం కదా.

కాబట్టి పట్టికలో ఒక భాష మాటను మరో భాషలోకి అక్షరాలా మార్చవద్దు. ‘ఎల్ కబాయో లెవాంతో లాస్ మానోస్’ అనే స్పానిష్ వాక్యాన్ని ‘గుర్రం చేతులెత్తింది’ అని రాస్తే తెలుగు పాఠకుడికి గుర్రం లొంగిపోయినట్టు అనిపిస్తుంది. ‘గుర్రం ముంగాళ్లు ఎత్తింది’ అనాలి. మీరడిగిన మూడు మాటల్లో నేను ‘ముంగాలు’ ఎంచుకుంటాను. అది పొట్టిది, పాతది, బొమ్మ పక్కన ఇమిడిపోతుంది. ‘ముందరి కాలు’ కూడా తప్పు కాదు. ‘ముందరి కాళ్లకు బంధం వేయడం’ అనే జాతీయంలో ఉన్నది అదే. ‘పూర్వాంగం’ జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల మాట. పక్షి రెక్క, గబ్బిలం రెక్క, తిమింగిలం ఈత తెడ్డు, మనిషి చేయి అన్నీ పూర్వాంగాలే కనుక, వాటిని పోల్చి చూపే పుటలో అది తప్పనిసరి. గుర్రం, కుక్క బొమ్మల పక్కన దాని అవసరం లేదు.

అనుబంధ ప్రశ్న

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అదే బొమ్మలో మరొక చిక్కు ఉంది. గుర్రం ముంగాలి మధ్యలో ఉన్న కీలుకు ఇంగ్లీషు వరుసలో ‘నీ’ అని, పక్కనే శాస్త్రీయ నామాల వరుసలో ‘కార్పస్’ అని ఉంది. మోకాలు అని రాయాలా, మణికట్టు అని రాయాలా?

రెండవ సమాధానం

ఎముకలను బట్టి చూస్తే అది మణికట్టే. గుర్రం ముంగాలిని పై నుంచి కిందికి చూడండి: రొమ్ము పక్కనే, దాదాపు పొట్ట అంచున, వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించేది మోచేయి. దానికి పైన భుజాస్థి (పైచేతి ఎముక), కింద రత్ని, అరత్ని (ముంజేతి ఎముకలు) ఉంటాయి. కాలి నడుమ కనిపించే కీలులో ఉన్నవి మణిబంధాస్థులు, అంటే మణికట్టు ఎముకలు. దాని కింద గిట్ట వైపు సాగేది మన అరచేతిలోని ఎముకకు సమానమైన కరభాస్థి. గుర్రం ఒంటివేలి మీద నిలబడుతుంది కాబట్టి మణికట్టు అంత ఎత్తుకు వెళ్లింది. అసలైన మోకాలు వెనుకకాలిలో, పొట్ట దగ్గర ఉంటుంది. వెనుకకాలి నడుమ వెనక్కి కోణంలా కనిపించేది చీలమండ.

అయినా గుర్రాలను సాకేవాళ్లు ఇంగ్లీషులోను, ఫ్రెంచిలోను ఆ ముంగాలి కీలును మోకాలి పేరుతోనే పిలుస్తారు. తెలుగులోనూ చూసినవారికి అది మోకాలిలాగే తోస్తుంది. అందువల్ల సామాన్య పాఠకుల వరుసలో ‘ముంగాలి మోకాలు’ అని, శాస్త్రీయ వరుసలో ‘మణిబంధం’ అని రాయడం మంచిది. రెండింటినీ ఒకే గడిలో కలిపితే పిల్లలు వెనుకకాలి మోకాలిని చీలమండ దగ్గర వెతుకుతారు.

‘ముంజేయి’ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ముంగాలు అంటే ముందున్న కాలు. ముంజేయి అంటే ముందున్న చేయి కాదు, చేతిలో ముందరి భాగం, అంటే మోచేతికీ మణికట్టుకూ నడుమ ఉన్నది. ఇంగ్లీషు ఫోర్‌లెగ్, ఫోర్‌ఆర్మ్‌ల మధ్య కూడా సరిగ్గా ఇదే తేడా ఉంది. గుర్రపు శరీర శాస్త్రంలో ఫోర్‌ఆర్మ్ అని కనిపిస్తే అది ముంగాలు మొత్తం కాదు, అందులో మోచేతి నుంచి ఆ ‘మోకాలి’ వరకు ఉన్న భాగం మాత్రమే.

వివరణకు చోటుంటే ముంగాళ్ల పనిని కూడా ఒక వాక్యంలో చెప్పండి. గుర్రానికి జత్రుక, అంటే మనకు రొమ్ము ఎముకను భుజానికి కలిపే ఎముక, ఉండదు. ముంగాళ్లు మొండేనికి ఎముకతో కాక కండరాలతో, స్నాయువులతో వేలాడదీసినట్టు అతుక్కొని ఉంటాయి. నిలబడి ఉన్నప్పుడు శరీర బరువులో సుమారు 60 శాతం వాటి మీదే పడుతుంది.

ఇక కోతి బొమ్మ వస్తే ముంగాలు అనకండి, ‘చేయి’ అనే రాయండి. పట్టుకునే పని ప్రధానమైన చోట తెలుగు వాడుక అదే. ఉడుత కాయను పట్టుకున్నా దానివి ముంగాళ్లే. పిల్లి, కుక్కల విషయంలో బాణం గుర్తు పాదాన్ని మాత్రమే చూపుతుంటే ‘ముందరి పంజా’ అని, కాలు మొత్తాన్ని చూపుతుంటే ‘ముంగాలు’ అని వేయండి.