సమస్య: "చెవులు రెండున్నవానికి చెవియె లేదు" (లాకర్ల గొడవ మీదే పూరించాలి)

నట్టుబోల్టు:
అందరికీ దండాలు. ఈ వారం సమస్య ఇచ్చే వంతు నాది కదా, నాకు పురాణాలూ ప్రబంధాలూ రావు, అందుకని మా డ్యూటీలోంచే ఒకటి పట్టుకొచ్చా. తేటగీతి పద్యం చివరి పాదం ఇస్తున్నా, పై మూడూ మీవి.

చెవులు రెండున్నవానికి చెవియె లేదు

ఇంతకీ ఇదెక్కడ పుట్టిందో చెప్తా. నేను పరవాడ వైపు ఓ మందుల కంపెనీలో చేస్తా (పేరొద్దు లెండి), ప్లాంటులోకి ఇంటిబట్టలతో పోనివ్వరు, ఫోన్ అసలే పోనివ్వరు, చేంజ్ రూంలో అన్నీ లాకర్లో పడేసి యూనిఫాం తగిలించుకుని లోపలికెళ్ళాలి, తాళం మాత్రం ఎవడిది వాడే తెచ్చుకోవాలి. నాలుగు నెలల కిందట మా బ్యాచిలో ఒకడు నా తాళం పక్కన గొళ్ళేనికి ఇంకో తాళం బిగించేశాడు. రెండింటికి షిఫ్ట్ దిగి వస్తే నా తాళం తీశాను గానీ రెండోది రాదే! వాడేమో గాజువాక బస్సులో కిటికీ సీటులో కూర్చుని చెయ్యి ఊపుతున్నాడు, నేను ఆ యూనిఫాంలోనే బస్సెక్కా. మర్నాడు మేం ఊరుకుంటామా, వాడి గొళ్ళేనికి పన్నెండు తాళాలు ఒకదాన్లోంచి ఒకటి దూర్చి ద్రాక్షగుత్తిలా వేలాడదీశాం. దానికి వాడు ఎక్కడెక్కడి పాత తాళంచెవులో ముప్పై దాకా ఒక రింగుకి గుచ్చి "ఇందులో ఒకటి నీదే బావా" అని నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఇంకొకడి లాకరు మొత్తాన్ని నలుగురు కలిసి గోడ వైపుకి తిప్పేశారు. అలా నడుస్తూనే ఉంది. మందులు, టిఫిన్ బాక్సు జోలికి పోకూడదని మాలో మాకు ఒక ఒప్పందం, మిగతాదంతా చెల్లుద్ది.

కాబట్టి పద్యంలో లాకరు వాసన తగలాలి. కానివ్వండి.

గురులఘువు:
బావుంది నాయనా. ముందే ఒక మాట చెప్తాను, అందరూ వినండి. తాళంచెవి అనుకోగానే ఈ సమస్య ముడి వీడిపోయింది, అందులో గొప్పేమీ లేదు. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే ఏనుగుల గుంపు దోమ కుత్తుకలో దూరిందనే సమస్యలో ఉన్నంత చిక్కు ఇందులో లేదు. అసలు కష్టం ఇంకోచోట ఉంది. "చెవులు రెండున్న" అన్న ముక్క ఊరికే పడుండకూడదు, ఆ రెండు చెవులకీ పద్యంలో ఏదో పని ఉండాలి. పనిలేకపోతే పై మూడు పాదాలకీ చివరిది జిగురు పెట్టి అతికించినట్టుంటుంది. నేను మార్కులు అక్కడే వేస్తాను.

ఒంటెద్దు:
అయితే బోణీ నాది.

డ్యూటి దిగివచ్చి చూడగా డోరు మీద
నాది కానట్టి తాళము నవ్వుచుండె
జేబు తడిమితి చిల్లరే చేతికందె
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

పులిహోర:
"చిల్లరే చేతికందె" సూపర్ అన్నయ్యా, ఆటో చార్జీకి పనికొస్తది.

కొత్త బిచ్చగాడు:
గురువుగారూ చిన్న డౌటు. డ్యూ కీ డో కీ యతి ఎలా కుదిరింది, ఒకటి యూ ఒకటి ఓ కదా?

గురులఘువు:
కుదిరింది. యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో పొత్తు. దానికి హల్లూ కలవాలి, హల్లు మీది అచ్చూ కలవాలి. హల్లు రెండు చోట్లా డకారమే. ఇక అచ్చుల్లో ఉ ఊ ఒ ఓ నాలుగూ ఒక ఇంటివాళ్ళు, ఇ ఈ ఎ ఏ ఇంకో ఇల్లు, అ ఆ ఐ ఔ ఇంకోటి. జేబు, చేతి కూడా అంతే, చకార జకారాలకి చెల్లుతుంది.

ఒంటెద్దూ, మూడో పాదం నిజంగా బావుంది, తాళం నవ్వడం కూడా బావుంది. కానీ నేను ముందే చెప్పానా, నీ రెండు చెవులకీ పనేదీ? జేబు తడిమింది చెయ్యి కదా. పదికి ఆరు.

ఒంటెద్దు:
ఆరు అంటే పాసే కదా, చాలు మేష్టారూ.

కొత్త బిచ్చగాడు:
నేనూ ఒకటి రాశాను, ఇదే మొదటిసారి, తిట్టొద్దు.

అడిగి చూసితి లీవుకై అలసిపోయి
మెయిలు పెట్టితి నవ్వాడు మేనేజరుడు
వినడు వాడేమి చెప్పినా వెర్రి నాకు
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

పులిహోర:
మేనేజరుడా 😂😂 రాముడు భీముడు మేనేజరుడు

గురులఘువు:
తిట్టను గానీ లెక్క చెప్తాను. లఘువంటే పొట్టి అక్షరం, గురువంటే సాగే అక్షరం, గణమంటే వాటి చిన్న గుంపు. తేటగీతి పాదం అంటే ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. సూర్యగణం అంటే మూడు లఘువులైనా కావాలి, ఒక గురువు పక్కన లఘువైనా కావాలి, అంతకుమించి లేవు. నువ్వు రెండో పాదంలో నాలుగో గణం దగ్గర "మేనే" అని రెండు గురువులు దింపావు, అక్కడ పట్టాలు తప్పింది. "మేనెజరుడు" అంటే లెక్క సరిపోద్ది, కానీ ఆయన పేరులో దీర్ఘం కోసినందుకు నీ ఇంక్రిమెంటుకి దీర్ఘం పడుద్దేమో చూసుకో. పెట్టితి అని పాతకాలపు మాట, పక్కనే నవ్వాడు అని వీధిమాట, రెండూ ఒకే పాదంలో ఉన్నాయి, నాకైతే అడ్డు లేదు గానీ కొందరికి పంటికింద రాయిలా తగులుద్ది. "లీవుకై అలసి" దగ్గర సంధి కలపలేదు, విసంధి అంటారు, అది ఈ గుంపులో ఎవడూ పట్టించుకోడు, పో.

వినని వాడికి చెవి లేదనడం మంచి ఆలోచనే, రెండు చెవులకీ పని దొరికింది. కానీ లాకరేదీ?

కొత్త బిచ్చగాడు:
లీవులన్నీ ఆయన లాకర్లోనే ఉన్నాయండి.

నట్టుబోల్టు:
ఒప్పుకున్నా ఒప్పుకున్నా.

సీ షిఫ్ట్ కాకి:
నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూస్తున్నా, మా దగ్గర కూడా సేమ్ ఇదే గోల. మా వాళ్ళు నా తాళంచెవిని వాటర్ బాటిల్లో వేసి క్యాంటీన్ ఫ్రీజర్లో పెట్టేశారు, పొద్దున ఆరింటికి చూస్తే రాయిలా గడ్డకట్టి ఉంది, లోపల చెవి తళతళమంటా కనపడతా ఉంది, బయట బస్సోడు హారన్ మీద హారన్, నేను బాటిల్ని చంకలో పెట్టుకుని వెచ్చబెడతన్నా, అదేమో కరగదు. అదే రాశా.

ఫ్రిజ్జులో గడ్డకట్టిన ఐసులోన
కనబడుచు వెక్కిరించును కరగదసలు
బస్సు హారను వినబడె బైటనుండి
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

గురులఘువు:
ఓహో! ఇదీ నాకు కావలసింది. రెండు చెవులూ హారన్ వింటున్నాయి, వినబడి ఏం లాభం, కావలసిన చెవి ఐసులో ఉంది. చివరి పాదం దానంతటదే వచ్చి కూర్చుంది.

కానీ మొదటి పాదంలో యతి చెడింది తమ్ముడూ. ఫ్రి కి ఐ తో పొత్తు లేదు, అక్కడ ఫకారమో రకారమో ఉండాలి, నువ్వు ఉత్త అచ్చు పెట్టావు.

సీ షిఫ్ట్ కాకి:
నిద్ర కళ్ళు మేష్టారూ. ఎలా మార్చాలి?

పులిహోర:
ఇలా అయితే?
ఫ్రిజ్జులో నీళ్ళబాటిల్లొ బిగిసిపోయి

గురులఘువు:
శభాష్ అమ్మాయ్. ఫ కీ బ కీ చెల్లుతుంది, రెంటి మీదా ఇకారమే. గడ్డకట్టిన అన్న మాట పోయినా బిగిసిపోవడంలో చలీ ఉంది, మొండితనమూ ఉంది, నిజానికి అసలుదానికంటే ఇదే నయం. బాటిల్లో ని బాటిల్లొ అని కుదించావు, తెలుగు పద్యం ఇంతకంటే పెద్ద పెద్ద దెబ్బలే తట్టుకుంది.

మూడు సున్నాలు:
మీరంతా ఇంకా చెవులు పట్టుకుని వేలాడుతున్నారేంటి, నంబర్ల తాళం కొనుక్కోండి.

మూడు నంబర్ల తాళము మొన్న గొంటి
జేబులో మోయ పనిలేదు చింతలేదు
ఎవడు కాజేయునో యని ఏడ్వనేల
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

ఒంటెద్దు:
ఇది కొత్త కోణం, చెవి లేదని అందరం ఏడుస్తుంటే ఈయన పండగ చేసుకుంటున్నాడు.

నట్టుబోల్టు:
సోదరా నీ పద్యం బావుంది గానీ నీ తాళం బాలేదు. మూడు చక్రాలంటే 000 నుంచి 999 దాకా మొత్తం 1000 అంకెలే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకో, మొత్తం తిప్పడానికి 2000 సెకన్లు, అంటే 33 నిమిషాల చిల్లర. సగటున సగం దారిలోనే దొరికేస్తది. మాకు లంచ్ అరగంట, అన్నం తింటూ ఎడమచేత్తో తిప్పి మా హెల్పరు కుర్రాడు తీసేశాడు ఇలాంటిదే. వాడు అంత కష్టం కూడా పడక్కర్లేకపోయింది, అవతలివాడు పెట్టుకున్నది వాడి బండి నంబరు చివరి మూడంకెలు!

ఇది ఇప్పటి రోగం కూడా కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలోని లాస్ అలామోస్‌లో అణుబాంబు పని చేసిన శాస్త్రవేత్త ఫైన్‌మన్ గారికి తోటి శాస్త్రవేత్తల బీరువాల తాళాలు విప్పడమే సరదా, లోపల చీటీలు కూడా పెట్టొచ్చేవాడు. ఒకాయన నంబరు 27-18-28, అంటే లెక్కల్లో e అనే అక్షరంతో రాసే స్థిరాంకం విలువ 2.71828, ఇలాంటోడు లెక్కల నంబరే పెట్టుంటాడని పట్టేశాడు. బాంబు రహస్యాలున్న బీరువాలకే దిక్కులేదు, నీ చెప్పులూ చొక్కా ఎంత.

గురులఘువు:
అవధానంలో అప్రస్తుత ప్రసంగం అని, పద్యం చెప్పేవాడికి సంబంధంలేని మాటలతో అడ్డు తగిలే పని ఒకటుంటుంది, నట్టుబోల్టుని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. పద్యం సంగతికొస్తే గణాలు, యతులు శుభ్రంగా ఉన్నాయి, ఊహ కొత్తది. చెవులకి మాత్రం మళ్ళీ పని లేదు. ఏడు.

మూడు సున్నాలు:
నేను నంబరు మార్చుకుని వస్తా ఉండండి.

పులిహోర:
నాకు ఆఫీసు లేదు, లాకరు లేదు, ఇంట్లో ఉన్న బీరువా తాళం నా మొలలోనే ఉంటది. అయినా రాస్తా.

ఉప్పు తెమ్మంటి పొద్దున ఉల్లి తెచ్చె
పాలు తెమ్మంటి రాత్రికి బన్ను తెచ్చె
తాళి గట్టినవాడింక తప్పదాయె
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

సీ షిఫ్ట్ కాకి:
అక్కా బావగారు ఈ గుంపులో ఉన్నారా?

పులిహోర:
ఉన్నారు. చదవరు. చెప్పాగా, చెవి లేదు, కళ్ళు కూడా అంతంతమాత్రమే.

గురులఘువు:
నవ్వాపుకోలేక మా ఆవిడ చేత చదివించాను, ఆవిడ "నిజమే రాసింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఇక నేనేం విమర్శించను. మూడో పాదంలో ఆ నిట్టూర్పు ఉంది చూశారూ, "తప్పదాయె", అది చదువుకుంటే రాదు. లాకరు షరతు మాత్రం తప్పింది, పోటీలో లెక్కకి రాదు.

నట్టుబోల్టు:
సరే, ఇక నాది. ఇచ్చినవాడు పోటీకి పనికిరాడు కాబట్టి ఊరికే వినండి. ఇది జరిగింది పోయిన శనివారం. మా వాడు లాకరు తెరిచిపెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఇదే ఛాన్సని నేను పరిగెత్తుకెళ్ళి నా కొత్త అలీగఢ్ తాళం, నొక్కితే పడిపోయే రకం, వాడి గొళ్ళేనికి టక్కున నొక్కేశా. నొక్కాక గుర్తొచ్చింది, నా తాళంచెవుల గుత్తి మొత్తం వాడి లాకర్లో పై అరలో పెట్టి మరీ తాళం బిగించానని. ఆ గుత్తిలోనే నా లాకరుదీ, బండిదీ, ఇంటిదీ. వాడొచ్చి నా మొహం చూసి ఏమీ అడగలేదు, మిగతావాళ్ళని పిలిచాడంతే. చివరికి సెక్యూరిటీ అన్న కట్టర్ తెచ్చి కోశాడు, బస్సుని మావాళ్ళే ఆపించారు పాపం.

పక్కవాడిది మూయగా పరుగులెత్తి
లోన నాచెవి మరచితి లోకువైతి
చెవులు మెలిబెట్టి నవ్విరి స్నేహితులును
చెవులు రెండున్నవానికి చెవియె లేదు

ఒంటెద్దు:
ఎన్ని రూపాయల తాళం కోయించుకున్నావు?

నట్టుబోల్టు:
అడక్కు. వారం కూడా కాలేదు కొని.

కొత్త బిచ్చగాడు:
గురువుగారూ ఇక్కడ ఇంకో డౌటు, "నవ్విరి స్నేహితులును" లో స్నే ఒత్తక్షరం కదా, దాని ముందున్న రి గురువవుద్దా?

గురులఘువు:
మంచి ప్రశ్నే, వారం రోజుల్లో నీకు గణాల పిచ్చి పట్టిందన్నమాట. వేరే మాట కాబట్టి ఊది పలకకపోతే లఘువే, అప్పుడు "నవ్విరి" గురువు, రెండు లఘువులు, అంటే భగణం. ఊదావే అనుకో, గురువు, లఘువు, గురువు, అంటే రగణం. రెండూ ఇంద్రగణాలే, ఎటు పడ్డా పద్యం పడిపోదు. చ కీ స కీ యతి కూడా చెల్లుతుంది.

ఇక నట్టుబోల్టూ, నీ చెవులకి మాత్రం భలే పని కల్పించావయ్యా, మెలిబెట్టడానికి రెండూ దొరికాయి, తీయడానికి ఒక్కటీ లేదు. పోటీలో ఉంటే తొమ్మిది వేసేవాణ్ణి. "స్నేహితులును" చివర ఆ "ను" గణం నింపడానికి తెచ్చిన ఇటుకముక్క, అందుకని ఒకటి కోత. లేవు కాబట్టి ఈ వారం పీట సీ షిఫ్ట్ కాకిది, పులిహోర సాయానికి సగం పీట.

పులిహోర:
సగం పీట మీద ఎలా కూర్చోవాలి మేష్టారూ.

సీ షిఫ్ట్ కాకి:
థాంక్యూ మేష్టారూ, థాంక్యూ అక్కా. వచ్చేవారం సమస్య నేనివ్వాలి కదా, డ్యూటీలోనే ఆలోచించి పెట్టుకున్నా. మా ప్యాకింగ్ సెక్షన్లో లాకరు గొడవతో మొదలై పెళ్ళిదాకా పోయిన జంట ఒకటుంది, అది చూసి వచ్చింది. ఆటవెలది.

తాళమేసినోడె తాళి గట్టె

గురులఘువు:
అయిదూ సూర్యగణాలే, యతి కుదిరింది. కానీ తమ్ముడూ, తాళం ఏసినోడా, తాళాన్ని మేసినోడా?

సీ షిఫ్ట్ కాకి:
అదే కదండీ సమస్య.