పార్కిన్సన్స్: మధ్యాహ్నం మాత్ర ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. కుడిచేతి వణుకును, నానాటికీ చిన్నదవుతున్న చేతిరాతను చూసి న్యూరాలజిస్టు గత నెలలో పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) అని నిర్ధారించి, లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రను రోజుకు మూడుసార్లు రాశారు. ఉదయం మాత్ర బాగానే పనిచేస్తోంది గాని, పప్పన్నం, పెరుగు తిన్న వెంటనే వేసుకునే మధ్యాహ్నం మాత్ర వల్ల ఫలితం కనిపించడం లేదు. కారణమేమై ఉంటుంది?

జవాబు 1: మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా కూడా పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి ఒకే మార్గంలో వెళ్లవలసి ఉన్నందున, పప్పు, పెరుగు తిన్న వెంటనే వేసుకున్న మాత్ర వెనుకబడిపోతుంది. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట ముందు గాని, గంట తర్వాత గాని వేసుకోమంటారు. పప్పు మాన్పించకండి, ఈ జబ్బులో బరువు తగ్గడం మంచిది కాదు.

జవాబు 2: నేను ఆరేళ్లుగా ఈ జబ్బుతోనే ఉన్నాను. మాత్రలతో సమానంగా నన్ను నిలబెట్టింది రోజూ చేసే నడక. గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినప్పుడు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టుకుంటూ, లేదా నేల మీది టైల్స్ గీతను దాటుతున్నట్టు అడుగు వేస్తే కదలిక వస్తుంది. ఎవరూ చెయ్యి పట్టి లాగకూడదు. ఈ జబ్బులో తరచూ వచ్చే మలబద్ధకాన్ని కూడా చిన్న విషయంగా వదిలేయకండి.

జవాబు 3: ఎవరో ఒకరు దూలగొండి గింజల పొడి వాడమని చెప్పకమానరు. ఆ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే, కానీ మోతాదు తెలియని పొడిని మాత్రలకు తోడు చేయడం ప్రమాదం. వైద్యుడికి చెప్పకుండా మాత్రలు హఠాత్తుగా ఆపడం అంతకన్నా ప్రమాదం.