లెర్ప్‌లో ఇప్పుడున్న చోటునే మళ్లీ మళ్లీ ఇవ్వడం తప్పా?

గోదారి_గేమర్:
ఆటలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో లిఫ్ట్ పలకను పైకి జరపాలి. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఇప్పుడున్న చోటు, చేరాల్సిన చోటు, 0.1 ఇచ్చి లెర్ప్‌ను (రెండు చోట్ల మధ్య ఉండే చోటును లెక్కగట్టే ఫంక్షన్) పిలుస్తున్నా. చురుగ్గా బయల్దేరి మెత్తగా ఆగుతోంది, చూడముచ్చటగా ఉంది. కోడ్ చూసిన ఫ్రెండ్ మాత్రం ఇది తప్పంటున్నాడు. నిజమేనా?

పిక్సెల్_పిచ్చి:
తప్పే అండీ. లెర్ప్ అంటే మొదలు + (చివర − మొదలు) × టి. మొదలూ చివరా కదలకూడదు, టి ఒక్కటే 0 నుంచి 1కి పెరగాలి. మీరు చేస్తున్నది ఫ్రేముకోసారి మిగిలిన దూరంలో పదో వంతు తగ్గించడం. దూరం 10 యూనిట్లనుకోండి. అరసెకను తర్వాత సెకనుకు 60 ఫ్రేముల ఫోన్‌లో ఇంకా 0.42 యూనిట్లు మిగులుతాయి, 30 ఫ్రేముల ఫోన్‌లో 2.06. పై గట్టుకు దూకే ఆటగాడు కొత్త ఫోన్‌లో గట్టెక్కుతాడు, పాత ఫోన్‌లో కింద పడతాడు. ఆడేవాళ్ల తప్పేముంది ఇందులో?

రాత్రి_బిల్డ్:
అంత ఖరాఖండిగా చెప్పకండి. ఆటగాడి వెంట తిరిగే కెమెరా సంగతేంటి? గమ్యం ప్రతి ఫ్రేమూ మారుతుంటే మొదలు ఏది, చివర ఏది? అక్కడ ఈ పద్ధతే హాయిగా ఉంటుంది.

గోదారి_గేమర్:
0.1 బదులు 10 × డెల్టాటైమ్ (ముందు ఫ్రేమ్ నుంచి గడిచిన సెకన్లు) పెడితే?

పిక్సెల్_పిచ్చి:
తేడా తగ్గుతుంది గానీ పోదు. 0.1 సెకను తర్వాత మిగిలే దూరం 60 ఫ్రేముల దగ్గర సుమారు 33 శాతం, 30 దగ్గర 30 శాతం. పైగా ఆట ఒక్కసారి 0.1 సెకను బిగుసుకుపోయిందంటే విలువ 1 అయిపోతుంది, వస్తువు ఒక్క గెంతులో గమ్యం మీద పడుతుంది. కెమెరాకైతే 1 − ఇ^(−10 × డెల్టాటైమ్) వాడండి, ఇ అంటే సుమారు 2.718. గమ్యం కదలనంతవరకు ఎన్ని ఫ్రేములైనా 0.1 సెకనుకు మిగిలేది 37 శాతమే.

రాత్రి_బిల్డ్:
ఇది ఒప్పుకుంటా, నా కెమెరాకూ ఇదే పెడతా. లిఫ్ట్ విషయంలోనూ మీదే కరెక్ట్. పలక చేరాక తలుపు తెరుచుకోవాలని రాశానొకసారి. కళ్లకు ఆగిపోయినట్టే ఉంది, తలుపు మాత్రం ఇంకో సెకను దాటితే గానీ కదల్లేదు. మిగిలిన దూరంలో పదో వంతు, మళ్లీ ఇంకా మిగిలినదానిలో పదో వంతు, అలా జరుగుతూనే ఉంది. అది కనిపెట్టేసరికి తెల్లారింది.

గోదారి_గేమర్:
మరి ఆ మెత్తటి ఆగడం పోతుందేమో?

పిక్సెల్_పిచ్చి:
పోదు. మొదలు చోటును ఒక్కసారే దాచుకోండి. గడిచిన సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే టి వస్తుంది, దాన్ని 1 దాటనివ్వకండి. లెర్ప్‌కు టి బదులు 1 − (1 − టి)³ ఇవ్వండి.

గోదారి_గేమర్:
పెట్టాను. 30లోనూ 60లోనూ రెండు సెకన్లకే చేరుతోంది, ఆగే తీరూ అలాగే ఉంది. థాంక్సండీ, పాత ఫోన్‌లో కూడా గట్టెక్కాను!