ఫార్మా కంపెనీలో మొదటి ఇంటర్వ్యూ: మామూలుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఎలా సిద్ధం చేసుకోవాలి?

మర్రిగూడ కెమిస్ట్రీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోని ఒక కళాశాలలో కెమిస్ట్రీ ప్రధానంగా బీఎస్సీ పూర్తి చేశాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఇంటి దగ్గరే ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదివాను. ఇప్పుడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీ, క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) విభాగంలో ట్రైనీ ఉద్యోగానికి వచ్చే వారం ఇంటర్వ్యూకు రమ్మంది.

"మీ గురించి చెప్పండి", "మీ బలాలు, బలహీనతలు ఏమిటి", "మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి", "ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు" అనే ప్రశ్నలకు వీడియోలు చూసి జవాబులు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కానీ నాతో పాటు వస్తున్న స్నేహితురాళ్ల నోట్‌బుక్‌లలోనూ దాదాపు అవే వాక్యాలు ఉన్నాయి. అందరం ఒకే జవాబు చెబితే వినేవారికి ఎలా ఉంటుంది? వీటిని కంఠస్థం చేయాలా, వద్దా? చదువులో వచ్చిన ఏడాది విరామాన్ని ఎలా చెప్పాలి? ఇంగ్లీషు ధారాళంగా రాకపోతే మొదట్లోనే పంపించేస్తారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాలమూరు క్యూసీ

చెల్లెమ్మా, నేను మహబూబ్‌నగర్ వాడిని. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తవారి ఇంటర్వ్యూలలో సాంకేతిక ప్రశ్నలు అడగడానికి నన్నూ కూర్చోబెడుతుంటారు కాబట్టి బల్లకు అటువైపు నుంచి చూసిన సంగతి చెబుతాను.

"నేను కష్టపడి పనిచేస్తాను, బృందంతో కలిసిపోతాను, కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను" అనే మూడు మాటలు పొద్దుటి నుంచి సాయంత్రం వరకు వింటూనే ఉంటాము. అవి అబద్ధమని మేము అనుకోము, కానీ వాటి ఆధారంగా ఒకరిని ఎంచుకుని మరొకరిని వదులుకోవడం మాకు సాధ్యం కాదు. మాకు కావలసింది మీరు స్వయంగా చేసిన పని. కాబట్టి నోట్‌బుక్‌లో జవాబులు రాసే ముందు, మూడేళ్లలో మీ చేతులతో మీరు చేసినవి ఏమిటో ఒక పేజీలో రాసుకోండి. ఏ టైట్రేషన్లు చేశారు, ఏ పరికరాన్ని ముట్టుకున్నారు, దేన్ని దూరం నుంచి మాత్రమే చూశారు, ప్రాజెక్టు దేని మీద చేశారు అన్నీ రాయండి. ఆ పేజీ సిద్ధంగా ఉంటే వీడియోల్లో చెప్పే ప్రశ్నలు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా జవాబు అందులోంచే వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మీరు చెప్పే ప్రతి వాక్యం వెనుక నుంచి ఒక ప్రశ్న పుడుతుంది. "నాకు హెచ్‌పీఎల్‌సీ తెలుసు" (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) అన్నారనుకోండి, వెంటనే మొబైల్ ఫేజ్ అంటే ఏమిటి, కాలమ్ లోపల ఏమి జరుగుతుంది అని అడుగుతాము. దానికి తడబడితే అంతకు ముందు చెప్పిన నిజాల మీద కూడా అనుమానం వస్తుంది. "మా కళాశాలలో హెచ్‌పీఎల్‌సీ లేదు, సూత్రం చదువుకున్నాను, కానీ ఈడీటీఏతో నీటి కాఠిన్యం స్వయంగా చూశాను" అనడంలో తక్కువతనం ఏమీ లేదు. అలా అంటే మేము ఈడీటీఏ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రసాయనం) మీదకే వస్తాము. అమ్మోనియా బఫర్ ఎందుకు వేశారు, పీహెచ్ 10 దగ్గరే ఎందుకు ఉంచారు, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే సూచిక వైన్ ఎరుపు నుంచి నీలానికి ఎందుకు మారుతుంది అని అడుగుతాము. పీహెచ్ తగ్గితే మెగ్నీషియం ఈడీటీఏతో గట్టిగా కట్టుబడదని, మరీ పెంచితే హైడ్రాక్సైడ్‌గా అవక్షేపం అవుతుందని మీ మాటల్లో చెప్పగలిగితే చాలు. ఏ వాక్యం వెనుక వచ్చే రెండు ప్రశ్నలకు మీరు నిలబడగలరో ఆ వాక్యాన్నే నోట్‌బుక్‌లో ఉంచండి. మిగతావి కొట్టేయండి.

మందుల కంపెనీలలో తప్పనిసరిగా చూసేది ఇంకొకటి ఉంది. "బ్యూరెట్ రీడింగులు రెండుసార్లు 24.6 వచ్చాయి, మూడోసారి 25.3 వచ్చింది, ఏం చేస్తావు?" అని మామూలు మాటల్లోనే అడుగుతాము. కళాశాల రికార్డుల్లో సరిపడని అంకెను తీసేసి కలిసే అంకె వేసే అలవాటు చాలామందికి ఉంటుంది. ఇక్కడ అది పెద్ద నేరం కింద లెక్క. వచ్చిన ప్రతి రీడింగును వచ్చిన వెంటనే రాయాలి. పొరపాటున తప్పు అంకె రాస్తే వైట్‌నర్ పూయకుండా, పాత అంకె కనబడేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైన అంకె వేసి, కారణం రాసి, సంతకం, తేదీ పెట్టాలి. ఫలితం తేడాగా ఉంటే పై అధికారికి చెప్పి, కారణం వెతకాలి. ఆల్కోవా అనే మాట మీరు చదివే ఉంటారు. ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, పని జరిగినప్పుడే రాయాలి, మొదటి ప్రతి అయి ఉండాలి, సరైనది అయి ఉండాలి అనే ఐదు నియమాలు అందులో ఉన్నాయి. "నిజాయితీ నా బలం" అని చెప్పే అభ్యర్థి కంటే, 25.3ను కొట్టేయనని చెప్పి ఎందుకో వివరించిన అభ్యర్థికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

చౌటుప్పల్ ఉద్యోగిని

పై అన్న చెప్పినది అక్షరాలా నిజం. నేను చౌటుప్పల్ వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడి రసాయనాలు చేసే) యూనిట్‌లో పనిచేస్తున్నాను. హెచ్‌ఆర్ వారు అడిగే ప్రశ్నల గురించి మాత్రం కొంచెం చెబుతాను, ఎందుకంటే ఆడపిల్లలను అడిగే తీరు వేరుగా ఉంటుంది.

విరామం గురించి దాచకండి. మన ప్రాంతంలో డిగ్రీ అయిన పిల్లలు గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదవడం అందరికీ తెలిసినదే. ఇంటర్వ్యూ చేసేవారి ఇళ్లలోనూ అలాంటి పిల్లలు ఉంటారు. వారి అసలు భయం మీరు ఏడాది ఖాళీగా ఉన్నారని కాదు, శిక్షణ ఇచ్చాక నోటిఫికేషన్ పడగానే వెళ్లిపోతారేమోనని. అందుకే ఆ భయానికే జవాబు చెప్పండి. "ఒక ఏడాది చదివాను, ఇప్పుడు కెమిస్ట్రీలోనే స్థిరపడాలని నిర్ణయించుకున్నాను" అని చెప్పి ఆగండి. ఆ నిర్ణయం నిజంగా తీసుకున్నాకే ఆ మాట చెప్పండి. ఇంకా మనసులో ఊగిసలాట ఉంటే, ముందు ఇంట్లో కూర్చుని దాన్ని తేల్చుకోండి. ఆ ప్రశ్నకు ముఖం కచ్చితంగా సమాధానం ఇచ్చేస్తుంది.

పెళ్లి ఎప్పుడు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తారా అని కూడా అడుగుతారు. అది వారు అడగకూడని ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం. మగపిల్లలను ఆ మాట అడగరు. కానీ అక్కడ వాదన పెట్టుకోవడం మన పని కాదు కాబట్టి, "నా చదువుకు తగిన పనిలో కొనసాగాలనే వచ్చాను, ఇంట్లో వారికీ ఈ విషయం తెలుసు" అని ప్రశాంతంగా ఒక్క వాక్యంలో ముగించండి. వివరాల్లోకి వెళ్లనవసరం లేదు. షిఫ్టులు, హాస్టల్, కంపెనీ బస్సు ఏ దారిలో వస్తుంది అనే సంగతులు మీరే తిరిగి అడగండి. మర్రిగూడ నుంచి పోలేపల్లికి రోజూ తిరగడం కుదిరే పని కాదు. ఎక్కడ ఉంటారో ముందే ఆలోచించుకుని వెళితే, ఉద్యోగాన్ని తేలికగా తీసుకోలేదని వారికి అర్థమవుతుంది.

జీతం గురించి అడిగితే "ట్రైనీలకు మీ దగ్గర ఉన్న స్కేలు నాకు సమ్మతమే, చేతికి ఎంత వస్తుందో చెప్పగలరా" అనండి. సీటీసీ (మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) అని చెప్పే అంకె వేరు, బ్యాంకులో పడేది వేరు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్ కింద పోతుంది, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐకి 0.75 శాతం పోతుంది. క్యాంటీన్, రవాణా కోతలు ఉంటే అవి వేరే. ఇవి తెలుసుకోవడం అత్యాశ కాదు.

నల్లగొండ అధ్యాపకుడు

అమ్మా, ఇంగ్లీషు గురించి అడిగావు. క్వాలిటీ కంట్రోల్‌లో ఎస్‌ఓపీలు (పని చేసే విధానాల పత్రాలు), లాగ్‌బుక్‌లు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి చదవడం, తప్పుల్లేకుండా చిన్న వాక్యం రాయడం తప్పనిసరి. ధారాళంగా మాట్లాడడం తర్వాత వస్తుంది. కంఠస్థం చేసిన పెద్ద ఇంగ్లీషు వాక్యాలలో మధ్యలో ఒక పదం జారిపోతే మొత్తం ఆగిపోతుంది. నా విద్యార్థుల్లో మంచి మార్కులున్నవారు కూడా అక్కడే ఇబ్బంది పడుతుంటారు. కాబట్టి చెప్పవలసిన సంగతిని ముందు తెలుగులో స్పష్టంగా అనుకుని, దాన్ని ఐదారు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకుని, రోజూ కొద్దిగా వేరే మాటలతో బిగ్గరగా చెప్పు. ప్రతిసారీ వాక్యం మారినా సంగతి మారకపోతే నీవు సిద్ధమైనట్టే. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోని టీఎస్‌కేసీ (ఉద్యోగ నైపుణ్య శిక్షణ) కేంద్రాలలో మాక్ ఇంటర్వ్యూలు పెడుతుంటారు, నీ కళాశాలలో ఉంటే వెళ్లి అడుగు.

బలహీనత గురించి అడిగినప్పుడు "నేను ప్రతిదీ పరిపూర్ణంగా చేయాలనుకుంటాను, అదే నా బలహీనత" అనే జవాబు దయచేసి చెప్పవద్దు. "ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడతాను, ప్రస్తుతం రోజూ ఒక ప్రయోగ విధానాన్ని ఇంగ్లీషులో బిగ్గరగా చదువుతున్నాను" అనడం నీకు నిజం, వారికి ఉపయోగకరం.

ఇక "మీ గురించి చెప్పండి" అనగానే మన పిల్లలు తండ్రి పేరు, తల్లి పేరు, అన్నదమ్ములు ఎందరు అని మొదలుపెడతారు. కుటుంబం గురించి ఒక వాక్యం చాలు. నాన్న వ్యవసాయం చేస్తారని చెప్పడానికి వెనకాడవద్దు, అలాగని కష్టాల కథగా కూడా చెప్పవద్దు. నీ ప్రాజెక్టు ఏమిటో రాయలేదు. మర్రిగూడ నుంచి వచ్చిన కెమిస్ట్రీ విద్యార్థినికి చెప్పుకోవడానికి ఏదో ఉండే ఉంటుందని నా నమ్మకం.

మర్రిగూడ కెమిస్ట్రీ

అందరికీ కృతజ్ఞతలు. సార్ ఊహించింది నిజమే, నా ప్రాజెక్టు మా ఊరి నీటిలో ఫ్లోరైడ్ మీదనే. బోరు నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు తెచ్చి స్పాడ్న్స్ (రంగు మార్పును బట్టి ఫ్లోరైడ్ కొలిచే) పద్ధతిలో పరీక్షించాము. దాన్ని ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ పనిగా నేను అనుకోలేదు. ఇప్పుడు ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి:

"నేను బీఎస్సీ పూర్తి చేశాను. మాది మర్రిగూడ మండలం, మా నాన్నగారు రైతు. మా ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, మా ఊరి బోరు నీటిని, నల్లా నీటిని స్పాడ్న్స్ పద్ధతిలో పోల్చి చూశాను. కొన్ని బోర్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. ఆ పని చేస్తున్నప్పుడే విశ్లేషణ మీద ఆసక్తి కలిగింది. డిగ్రీ తర్వాత ఒక ఏడాది పోటీ పరీక్షలకు చదివాను, ఇప్పుడు ల్యాబ్ పనిలోనే కొనసాగాలని వచ్చాను."

నల్లగొండ అధ్యాపకుడు

బాగుంది, ఇందులో ఒక్క వాక్యం కూడా నీ స్నేహితురాలి నోట్‌బుక్‌లో దొరకదు. "ఆసక్తి కలిగింది" అన్న చోట మాత్రం ఆసక్తి ఎందుకు కలిగిందో చెప్పు. నమూనాలో ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ రంగు పెరగకుండా తగ్గుతుంది కదా, దాన్ని చూసి ఏమనుకున్నావో చెబితే సరిపోతుంది. అలా ఎందుకు జరుగుతుందని తప్పకుండా అడుగుతారు; ఫ్లోరైడ్ జిర్కోనియంను రంగు సమ్మేళనం నుంచి లాగేసుకుని రంగులేని సమ్మేళనంగా మారడం వల్ల అని చెప్పు.

1.5 అన్నావు కాబట్టి, భారతీయ ప్రమాణం ప్రకారం ఆమోదయోగ్యమైన పరిమితి 1.0 అని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారని గుర్తుంచుకో. ఫ్లోరైడ్ తీసేయడం ఎలా అని అడిగితే మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ టెక్నిక్ చెప్పాలి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని రూపొందించింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి కిందికి దిగాక పైనున్న నీటిని వాడతారు.

పాలమూరు క్యూసీ

సార్ చెప్పినవాటికి తోడు, నేనైతే ఇంకొకటి అడుగుతాను: బ్లాంక్ (నమూనా లేకుండా పోల్చడానికి పెట్టే ద్రావణం) ఎందుకు పెట్టారు, ప్రామాణిక ద్రావణాలతో గీసిన గ్రాఫ్ సరళరేఖగా ఉందా, ఒక్కో నమూనాను ఎన్నిసార్లు చూశారు? ప్రాజెక్టు రికార్డు మీ దగ్గరే ఉంటే సర్టిఫికెట్లతో పాటు ఫైలులో పెట్టుకుని రండి. అడిగితే రీడింగుల పేజీ తీసి చూపించండి.

పోలేపల్లిలో మీకు పిలుపు వచ్చిన యూనిట్ మాత్రలు చేస్తుందో, ఇంజెక్షన్లు చేస్తుందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. మాత్రలు అయితే డిసొల్యూషన్ పరీక్ష (మాత్రలోని మందు ఎంత వేగంగా కరుగుతుందో చూసేది) గురించి ఈ వారంలోనే చదవండి. "మా కంపెనీ గురించి ఏం తెలుసు" అన్నప్పుడు స్థాపించిన సంవత్సరం, టర్నోవర్ చెప్పే వారి కంటే, ఆ యూనిట్‌లో ఏమి తయారవుతుందో చెప్పి దానికి క్యూసీలో ఏ పరీక్షలు ఉంటాయో అడిగే వారితో మేము ఎక్కువసేపు మాట్లాడతాము.