సీఓపీడీ (ఊపిరిగొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) మందుల ఎంపిక నర్సింగ్ విద్యార్థికి నేర్పాలా? ఇవ్వడం వస్తే చాలదా?

బి.ఎస్సీ నర్సింగ్, శ్రీకాకుళం
క్లాసులో ఇచ్చిన కేసు ఇది. కవిటి వైపు జీడి కార్మికుడు, 64 ఏళ్లు, 48 కిలోలు, చుట్ట అలవాటు. సాల్బుటమాల్ పీల్చాక చేసిన స్పైరోమెట్రీలో (ఊదుడు పరీక్ష) ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) నిష్పత్తి 0.58. తోటివాళ్లతో నడవలేక వెనకబడతాడు, అంటే ఆయాసం కొలిచే ఎంఎంఆర్‌సీ స్కేలులో 2. ఏడాదిలో ఒక్కసారే ఆయాసం ముదిరింది, ఆస్పత్రిలో చేరలేదు. తెల్లకణాలు 7,500, వాటిలో ఇజినోఫిల్స్ అనే రకం 2 శాతం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1. వాడుతున్నవి డెరిఫిల్లిన్ (థియోఫిల్లిన్ ఉన్న) మాత్రలు, ఫోరాకార్ట్ 400 (ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కలిసిన) రోటాక్యాప్, అంటే పీల్చే పొడి క్యాప్సూల్. ఏం మార్చాలో రాయమన్నారు. మందు రాసే అధికారం లేని మాకు ఈ ప్రశ్న ఎందుకని సగం మంది, కావాలని సగం మంది. పెద్దలు చెప్పండి.

స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం
చెల్లెమ్మా, అనవసరం. సరైన రోగి, మందు, మోతాదు, మార్గం, వేళ: ఈ అయిదూ తప్పకుండా చెయ్యడమే మన పని. గ్రూపులు, ఇజినోఫిల్ లెక్కలు డాక్టరుగారు చూసుకుంటారు. మూడో ఏడాదిలో రోటాహేలర్ (రోటాక్యాప్ పీల్చే గొట్టం) విప్పడం రానివాళ్లు ఉన్నారు, ముందు అది నేర్పండి.

ఫార్మకాలజీ బోధన, విజయనగరం
సిస్టర్ గారూ, ఆ అయిదింటిలో ‘సరైన మందు’ ఉంది కదా. ఏది సరైనదో తెలియని మనిషి దేన్ని సరిచూస్తారు?

ఈ కేసే చూడండి. 7,500లో 2 శాతం అంటే 150 ఇజినోఫిల్స్. 300 దాటితే, దానికితోడు ఆయాసం పదేపదే ముదురుతుంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వల్ల మేలు ఎక్కువ. 100 లోపుంటే మేలు తక్కువ, న్యుమోనియా భయం ఎక్కువ. ఇతను మధ్యలో ఉన్నాడు, ఏడాదికి ఒక్కసారే ముదిరింది. 2023లో వచ్చిన గోల్డ్ (సీఓపీడీకి అంతర్జాతీయ మార్గదర్శకాలు) వర్గీకరణ ప్రకారం ఇది బి గ్రూపు. ఏడాదిలో రెండుసార్లు ముదిరినా, ఒక్కసారి ఆస్పత్రిలో చేరినా ఇ గ్రూపు అయ్యేది. బి గ్రూపుకి మొదటి ఎంపిక ఎక్కువసేపు పనిచేసే బ్రాంకోడైలేటర్లు (ఊపిరిగొట్టాలు వదులుచేసే మందులు) రెండు కలిపి: ఫార్మోటెరాల్ జాతిది ఒకటి, టైయోట్రోపియం జాతిది ఒకటి. ఫోరాకార్ట్‌లో మొదటిది ఉంది, రెండోది లేదు, అక్కర్లేని బుడెసొనైడ్ ఉంది. పాత క్షయ ఉందేమో కూడా అడగాలి, ఉంటే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కి ఇంకో అడ్డంకి.

మన పల్లెల్లో ఇంకో చిక్కుంది. చెప్పుల్లేకుండా తోటల్లో తిరిగేవాళ్లకి కొంకిపురుగుల వల్ల కూడా ఇజినోఫిల్స్ పెరుగుతాయి. ప్రెడ్నిసొలోన్ వేశాక తీసిన రక్తంలో అవే తగ్గిపోతాయి. రక్తం ఎప్పుడు తీశారో కేస్‌షీట్‌లో రాసేది నర్సే కదండీ.

స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం
సరే, రక్తం తీసిన వేళ రాయాలన్నది ఒప్పుకుంటాను. కానీ రేపు ఏ విద్యార్థో ‘ఫోరాకార్ట్ వద్దు’ అని రోగితో అనేస్తే? అతను ఆ రాత్రే మానేస్తాడు. దానికి జవాబుదారీ ఎవరు?

శ్వాసకోశ విభాగం, విజయనగరం
ఆ భయం నిజమైనదే. అందుకే నేర్పేటప్పుడే చెప్పాలి: సందేహం డాక్టరుకి, వాడే తీరు రోగికి. రోగి దగ్గర మందుని తప్పుపట్టకూడదు.

ఈ కేసులో అందరూ దాటేసిన అంకె క్రియాటినిన్. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. అక్కడి మనిషి అనగానే కిడ్నీ చూడాలి. వయసు, బరువు వేసి కాక్‌క్రాఫ్ట్ లెక్క (కిడ్నీ వడపోత ఎంతో చెప్పేది) కట్టండి: 140లోంచి 64 తీస్తే 76, దాన్ని 48తో గుణించి, 72ను 2.1తో గుణించగా వచ్చిన 151తో భాగిస్తే 24 చిల్లర. టైయోట్రోపియం చాలావరకు మూత్రంలోనే పోతుంది. ఈ అంకె 60 లోపు ఉన్నవాళ్లని కనిపెట్టుకుని ఉండాలి. అంటే వాడకూడదని కాదు. నోరెండడం, మలబద్ధకం, ముఖ్యంగా మూత్రం ధార సన్నబడడం రోజూ అడగాలి. అదే జాతికి చెందిన గ్లైకోపైరోనియం కూడా ఇంత తక్కువ అంకెలో జాగ్రత్త మందే. ఆ జాతిదే యూమెక్లిడినియంకి మోతాదు మార్చనక్కర్లేదు.

డెరిఫిల్లిన్ మాట. చుట్ట పొగ థియోఫిల్లిన్‌ని లివర్‌లో త్వరగా కరిగించేస్తుంది. చుట్ట మాన్పించి మాత్ర అదే మోతాదులో ఉంచితే రక్తంలో మందు పెరుగుతుంది. పైగా జ్వరానికని సిప్రోఫ్లాక్సాసిన్ జతచేస్తే ఇంకా పెరుగుతుంది. వాంతులు, చేతుల వణుకు, గుండెదడ మొదలయి ఫిట్స్ దాకా పోతుంది. వాంతులు కాగానే గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ అడగడం కాదు, మందుల చీటీ మొత్తం చదవాలి.

ఫార్మకాలజీ బోధన, విజయనగరం
దీనికి ఇంకొకటి కలుపుతాను. రోజూ టైయోట్రోపియం పీల్చే మనిషి ఆయాసంతో క్యాజువాలిటీకి వస్తే నెబులైజర్‌లో డుయోలిన్ పెడతారు. అందులో ఇప్రాట్రోపియం ఉంది, రెండూ ఒకే జాతి. నెబులైజేషన్ సాగినన్నాళ్లూ టైయోట్రోపియం ఆపాలా అని అడగండి, డిశ్చార్జిలో మళ్లీ రాశారో లేదో చూడండి. మాస్కు అంచునుంచి మందు కంట్లోకి పోతే నీటికాసులు ఉన్నవాళ్లకి ప్రమాదం, వాళ్లకి మౌత్‌పీస్ పెట్టండి. ఈ జబ్బువాళ్లకి ఆక్సిజన్ లక్ష్యం 88 నుంచి 92 శాతం. 98 చూపిస్తోందని సంతోషించకూడదు.

గ్రామ హెల్త్ క్లినిక్, ఉద్దానం
బి.ఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే ఇక్కడ మొదట రోగిని చూసేది. కాబట్టి నేర్పాలి. అయితే ఇక్కడ ఎంపిక మందుతో కాదు, సాధనంతో మొదలవుతుంది.

రోటాక్యాప్‌లో పొడి. అది లోపలికి పోవాలంటే గట్టిగా, వేగంగా పీల్చాలి. 48 కిలోల మనిషి పీల్చాక క్యాప్సూల్ తీసి వెలుతురులో చూడండి. గోడలకి పొడి అంటుకుని ఉంటే మళ్లీ పీల్చమనండి. రెండోసారీ మిగిలితే అతనికి ఆ సాధనం పనికిరాదు, స్పేసర్ (మందు నిలిచే డబ్బా) పెట్టిన పఫ్ (నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్) కావాలని రాసి పంపండి. సముద్రపు తేమకి క్యాప్సూల్ మెత్తబడుతుంది, వేసుకునే వేళకే స్ట్రిప్‌లోంచి తియ్యాలి. ‘గొట్టం అవసరమేటి, నీళ్లతో మింగేస్తన్నాను’ అనేవాళ్లుంటారు, అడక్కపోతే చెప్పరు.

పఫ్‌కి తీరు వేరు: బాగా ఊపి, స్పేసర్‌లో ఒక్కటే కొట్టి, నెమ్మదిగా లోతుగా పీల్చి, పదంకెలు లెక్కపెట్టేవరకు ఊపిరి బిగబట్టాలి. రెండోదానికి అర నిమిషం ఆగాలి. ఒకే మనిషికి పొడిదొకటి, పఫ్ ఒకటి ఇస్తే రెండు తీర్లూ కలిసిపోయి రెండూ పాడవుతాయి. స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి, రుద్దకుండా, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే గోడలకి విద్యుదావేశం వచ్చి మందుని పట్టేసుకుంటుంది.

‘పీల్చేది అలవాటైపోతుంది, మాత్రే మేలు’ అనేవాళ్లకి ఒక్క లెక్క చెప్పండి: సాల్బుటమాల్ 4 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 100 మైక్రోగ్రాముల పఫ్‌లు నలభైకి సమానం. మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది, పఫ్ ఊపిరితిత్తులకి పోతుంది.

స్టాఫ్ నర్సు, శ్రీకాకుళం
క్లినిక్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ నేర్పాలనే అంటాను. వార్డు విద్యార్థికి మాత్రం నా మాట ఇదే: క్యాప్సూల్‌లో మిగిలిన పొడి చూపించగలిగాకే ఇజినోఫిల్ లెక్క.

శ్వాసకోశ విభాగం, విజయనగరం
ఆ వరసకి అభ్యంతరం లేదు. చెల్లెమ్మా, నీ జవాబులో ఇలా రాయి: క్యాప్సూల్‌లో మిగిలిన పొడి, 24 అనే కిడ్నీ అంకె, 150 ఇజినోఫిల్స్, చుట్ట మానుతున్నాడా లేదా. కింద డాక్టరుకి మూడు ప్రశ్నలు: బుడెసొనైడ్ తీసి టైయోట్రోపియం జాతి మందు చేర్చాలా, డెరిఫిల్లిన్ ఆపాలా, రెండు మందులూ ఒకే స్పేసర్‌తో ఇచ్చే వీలుందా.